గడ్డి తినేది ఎద్దు కాదు!

నెల్లూరు జిల్లా బోగోలు ప్రాంతంలో వరికోతలు ముగిశాక ఏ పల్లెకు వెళ్లినా ఒకటే దృశ్యం. ధాన్యం బస్తాలకెక్కి ఇళ్లకో, మిల్లులకో పోతుంది. గడ్డి మాత్రం పెరట్లో వామిగా మారుతుంది. ఈశాన్య ఋతుపవనాల వానలతో మొదలైన పంట, ఎండలు ముదిరేలోగా కోతకు వస్తుంది. ఆ తరువాత మండువేసవిలో బీళ్లలో పచ్చిక మిగలదు. అప్పుడు ఎద్దుకైనా, ఆవుకైనా, గేదెకైనా ఆ వామే దిక్కు.

ఇప్పుడొక ప్రశ్న. గింజ, గడ్డి రెండూ ఒకే మొక్కవి. ఒకే ఎండలో, ఒకే నీటితో తయారైనవి. గింజను మనం వండుకొని తింటాం. గడ్డిని ఎంత ఉడకబెట్టినా, ఎంత మెత్తగా పొడి చేసినా మనకది ఆహారం కాదు. కాని ఎద్దు ఆ గడ్డి తినే బండి లాగుతుంది. ఆవు ఆ గడ్డి తినే పాలిస్తుంది. ఇదెలా సాధ్యం?

"ఎద్దు కడుపే అలాంటిది" అని మీరు చటుక్కున అనవచ్చు. అది సగం జవాబు మాత్రమే. ఎందుకంటే, గడ్డిలోని పీచును విడగొట్టే ఎంజైము ఎద్దు శరీరంలో కూడా తయారు కాదు! ఆ మాటకొస్తే వెన్నెముక గల ఏ జంతువూ దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు. మరి ఎద్దు కడుపులో గడ్డిని తింటున్నదెవరు? ఆ సంగతి తెలుసుకుందాం. ఇది తెలిస్తే పశువును ఎలా మేపాలో, ఏం పెడితే దాని ప్రాణానికి ముప్పో కూడా తెలుస్తుంది.

గడ్డిలో శక్తి లేదా?

బోగోలు పక్కనే ఉన్న బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్లకు పేరు పొందిన రైల్వే కేంద్రం. ఆవిరి ఇంజనుకు బొగ్గు ఎలాంటిదో, ఎద్దుకు మేత అలాంటిది. ఒక ఇంధనంలో ఎంత శక్తి ఉన్నదో తెలియాలంటే దాన్ని పూర్తిగా కాల్చి, వెలువడిన వేడిని కొలుస్తారు. కిలో బియ్యాన్ని, కిలో ఎండుగడ్డిని ఇలా కాల్చి చూస్తే, వచ్చే వేడిలో పెద్ద తేడా ఉండదు. అంటే గడ్డిలో శక్తి లేకపోలేదు. అయితే అది తాళం వేసిన పెట్టెలో ఉన్నది.

ఆ పెట్టె ఎలాంటిదో చూద్దాం. మొక్కలోని ప్రతి జీవకణం చుట్టూ ఒక గట్టి గోడ ఉంటుంది. దీనిని కణకవచం అంటారు. గడ్డి ఎండిపోయాక కణంలోని మెత్తని పదార్థం చాలావరకు పోయి, గోడలే మిగులుతాయి. ఈ గోడ మన పల్లెల్లో పూర్వం కట్టుకున్న తడికె గోడ లాంటిది. తడికె గోడలో నిలువు బద్దలుంటాయి. వాటిని కలిపి కట్టే నార ఉంటుంది. ఆపైన మెత్తిన మట్టి ఉంటుంది. కణకవచంలో బద్దల వంటిది సెల్యులోజు. నార వంటిది హెమిసెల్యులోజు. మట్టిపూత వంటిది లిగ్నిన్. వరిగడ్డి బరువులో సుమారు మూడో వంతు, కొన్ని రకాల్లో అంతకంటె ఎక్కువ, సెల్యులోజే. హెమిసెల్యులోజు అయిదో వంతు దాకా ఉంటుంది. వీటికి తోడు వరిగడ్డిలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, అధికంగా ఉంటుంది. వరి ఆకు చేతిని కోసేది అందుకే.

ఒకే పూసలు, రెండు దండలు

బియ్యంలో ఉండేది పిండిపదార్థం. గడ్డిలో ఉండేది సెల్యులోజు. వింత ఏమిటంటే, ఈ రెండూ ఒకే పూసలతో గుచ్చిన దండలు! ఆ పూస పేరు గ్లూకోజు. జ్వరం వచ్చినప్పుడు నీళ్లలో కలిపి ఇస్తారే, ఆ తియ్యని గ్లూకోజే.

మరి తేడా ఎక్కడ? పూసలు గుచ్చిన తీరులో. పిండిపదార్థంలో పూసలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. అందువల్ల దండ మెలికలు తిరుగుతుంది. మెలికల మధ్యకు నీరు సులువుగా చొరబడుతుంది. సెల్యులోజులో ఒక పూస వెల్లకిలా ఉంటే, దాని పక్కది బోర్లా ఉంటుంది. అందువల్ల దండ కర్రలా నిటారుగా సాగుతుంది. ఇలాంటి నిటారు దండలు ఎన్నో పక్కపక్కన చేరి, ఒకదాన్నొకటి అంటిపెట్టుకొని, పేనిన మోకులాగా బిగుసుకుంటాయి. నీటికి కూడా లోపల చోటు దొరకదు. మనం కట్టుకునే నూలు బట్ట దాదాపు పూర్తిగా సెల్యులోజే. ఎన్నిసార్లు ఉతికినా అది కరిగిపోదు గదా!

ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్‌కు ఈ రెండు దండల కథతోనూ సంబంధం ఉన్నది. 1833లో ఆయన, పెర్సోజ్ అనే మరో శాస్త్రజ్ఞునితో కలిసి, మొలకెత్తిన బార్లీ గింజల నుంచి ఒక పదార్థాన్ని వేరు చేశాడు. అది పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేది. దానికి డయాస్టేస్ అని పేరు పెట్టారు. మనిషి వేరు చేసిన మొదటి ఎంజైము అదే. అయిదేళ్ల తరువాత, 1838లో, పాయెన్ వృక్షాల కణకవచాల నుంచి సెల్యులోజును వేరు చేసి చూపాడు.

ఎంజైము అంటే రసాయన చర్యను వేగిరపరచే ఒక ప్రోటీను. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క తాళంచెవి వంటిది. తన తాళానికే పడుతుంది. మన లాలాజలంలో ఉన్న అమైలేస్ అనే ఎంజైము పిండిపదార్థపు ముడిని విప్పగలదు. పూస అదే అయినా, సెల్యులోజు ముడి వేరు కాబట్టి అక్కడ ఆ తాళంచెవి పట్టదు.

మీరే చేసి చూడండి

రెండు గాజు గ్లాసులలో చల్లారిన పలచని గంజి కొంచెం కొంచెం పోయండి. ఒక దానిలో రెండు మూడు చెంచాల లాలాజలం కలపండి. రెండో దానిలో అంతే నీరు కలపండి. పావుగంట ఆగి, రెంటిలోనూ ఒక్కొక్క చుక్క టింక్చర్ అయొడిన్ వేయండి. నీరు కలిపిన గంజి ముదురు నీలంగా మారుతుంది. లాలాజలం కలిపిన గంజిలో ఆ రంగు రాదు, లేదా బాగా తగ్గుతుంది. అక్కడి పిండిపదార్థాన్ని మీ అమైలేస్ విడగొట్టేసింది. అయొడిన్ వేసిన గంజిని మాత్రం రుచి చూడకండి. పారబోసి, గ్లాసులు శుభ్రంగా కడగండి.

ఇప్పుడు చిన్న దూది ముక్కను లాలాజలంలో తడిపి ఒక రోజు ఉంచండి. దూది దూదిగానే ఉంటుంది. మన దగ్గర ఆ తాళంచెవి లేదు.

పొట్టలోని పులితొట్టి

ఆవు, ఎద్దు, గేదె, మేక, గొర్రె వంటివి నెమరువేసే జంతువులు. వీటి జీర్ణాశయంలో నాలుగు గదులుంటాయి. మొదటి గది పేరు రూమెన్. పెద్ద పశువులో దీని పరిమాణం వంద లీటర్లకు పైగా ఉంటుంది. అంటే ఒక పెద్ద గాబు అన్నమాట. ఎద్దు గబగబా మేసి, మింగిన గడ్డిని ఇందులో నింపుకుంటుంది. తరువాత నీడన పడుకొని, ముద్ద ముద్దగా దాన్ని నోటిలోకి తెచ్చుకొని నములుతుంది. గడ్డి పరకలు నలిగి చీలుతాయి. లోపలి పీచు బయటపడుతుంది.

రూమెన్ లోపల చీకటి. వేడిమి 39 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర నిలకడగా ఉంటుంది. ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఇలాంటిచోట ఒక్క మిల్లీలీటరు ద్రవంలో, అంటే సుమారు ఇరవై చుక్కలలో, వెయ్యి కోట్ల దాకా బాక్టీరియాలుంటాయి! వాటితోపాటు ప్రోటోజోవాలు, కొన్ని రకాల శిలీంధ్రాలు కూడా ఉంటాయి. గడ్డిని నిజంగా తినేవి ఇవే. ఎద్దు వాటికి ఇల్లు, వెచ్చదనం, నీరు, నమిలిన మేత సమకూర్చిపెడుతుంది.

అప్పుడే పుట్టిన దూడకు ఈ సంపద ఉండదు. దాని రూమెన్ చాలా చిన్నది. అప్పుడది పాలతోనే బతుకుతుంది. తల్లి నాకినప్పుడు, తల్లి మేసే మేతను తానూ కొరికినప్పుడు, కొట్టంలో తిరిగినప్పుడు సూక్ష్మజీవులు దూడ కడుపులో చేరతాయి. గడ్డి కొరకడం మొదలుపెట్టాకే రూమెన్ పెరుగుతుంది.

ఈ బాక్టీరియాలను పట్టుకొని చదవడం అంత తేలిక కాలేదు. గాలి తగిలితే అవి చనిపోతాయి. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హంగేట్ మొదట చెదపురుగుల కడుపులోని జీవులను పరిశీలించి, తరువాత 1940లలో పశువుల రూమెన్‌పై దృష్టి పెట్టాడు. ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. పరీక్షనాళికలోని గాలిని కార్బన్ డయాక్సైడుతో వెళ్లగొట్టి, అందులో కరిగిన అగార్ జెల్లీని పోసి, నాళికను దొర్లించేవాడు. జెల్లీ గోడలకు పలచని పొరగా అంటుకొని గట్టిపడేది. ఆ జెల్లీలో మెత్తని సెల్యులోజు పొడి కలిపి ఉండేది కనుక పొర తెల్లగా మసకగా కనిపించేది. బాక్టీరియాల గుంపు పెరిగిన చోట మాత్రం చుట్టూ తేటగా ఒక వలయం ఏర్పడేది. సెల్యులోజు అక్కడ కరిగిపోయిందన్నమాట! ఇలా గడ్డి తినే బాక్టీరియాలను ఒక్కొక్కటిగా వేరు చేయడం సాధ్యమైంది. రూమెన్ గురించి ఆయన రాసిన పెద్ద గ్రంథం 1966లో వెలువడింది.

ఫైబ్రోబాక్టర్ సక్సినోజెనిస్, రూమినోకోకస్ ఆల్బస్, రూమినోకోకస్ ఫ్లావిఫేసియెన్స్ అనేవి ఈ పనిలో పేరు పొందిన బాక్టీరియాలు. పేర్లు పెద్దవే గాని, జీవులు మాత్రం మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటాయి.

ముగ్గురు పనివాళ్లు

సెల్యులోజును విడగొట్టే ఎంజైములను సెల్యులేస్‌లు అంటారు. ఇది ఒక్కరి పని కాదు. పేనిన మోకును విప్పి పోగులు చేయడానికి ముగ్గురు మనుషులను పెట్టామనుకోండి. మొదటివాడు కొడవలితో మోకును నడుమ నడుమ తెగగొడతాడు. రెండోవాడు తెగిన కొసలు పట్టుకొని చిన్న చిన్న ముక్కలుగా ఊడదీస్తాడు. మూడోవాడు ఆ ముక్కలను చివరి పోగు వరకు విడదీస్తాడు. సెల్యులేస్‌లలో కూడా ఇలాంటి మూడు తరగతులున్నాయి. మొదటిది గ్లూకోజు దండను మధ్యలో కోస్తుంది. రెండోది కొసనుంచి సాధారణంగా రెండేసి పూసల చొప్పున తీస్తుంది. ఆ జంట పూసకు సెల్లోబయోస్ అని పేరు. మూడోది జంటను విడదీసి రెండు గ్లూకోజులు చేస్తుంది. మొదటివాడు ఎన్ని చోట్ల కోస్తే రెండోవాడికి అన్ని కొసలు దొరుకుతాయి. ముగ్గురూ కలిస్తేనే పని జోరుగా సాగుతుంది.

'నార' వంటి హెమిసెల్యులోజును విప్పడానికి జైలనేస్ మొదలైన వేరే ఎంజైములున్నాయి. ఇక 'మట్టిపూత' అయిన లిగ్నిన్ ఉన్నదే, దాన్ని విడగొట్టడానికి ఆక్సిజన్ కావాలి. రూమెన్‌లో ఆక్సిజన్ ఉండదు గదా! అందుకే లేత గడ్డి బాగా అరుగుతుంది. లిగ్నిన్ పట్టి ముదిరిన కాడ అరగక పేడలో పోతుంది. ఎండిన పేడను విరిచి చూడండి, మిగిలిన పీచు కనిపిస్తుంది.

బాక్టీరియా తన ఎంజైములను ద్రవంలో వదిలేస్తే అవి కొట్టుకుపోతాయి. పైగా పుట్టిన చక్కెరను పక్కవాడు తినేస్తాడు. అందుకని ఇవి గడ్డి పరకను గట్టిగా కరచుకొని పని చేస్తాయి. 1983లో ఎడ్వర్డ్ బేయర్, రఫాయెల్ లామెడ్ అనే శాస్త్రజ్ఞులు, వేడిని తట్టుకునే క్లోస్ట్రిడియం థర్మోసెల్లమ్ అనే బాక్టీరియాలో ఒక అద్భుతాన్ని కనుగొన్నారు. దాని పైభాగాన రకరకాల ఎంజైములు ఒక పొడవైన ప్రోటీను కడ్డీకి వరుసగా తగిలించి ఉన్నాయి. కడ్డీకి సెల్యులోజును పట్టుకునే కొక్కెం కూడా ఉన్నది. ఈ అమరికకు సెల్యులోజోమ్ అని పేరు పెట్టారు. ఒకే బల్లపై వడ్రంగి పనిముట్లన్నీ చేతికందేట్లు పేర్చినట్లుంటుంది. రూమెన్‌లోని రూమినోకోకస్ ఫ్లావిఫేసియెన్స్‌లో కూడా ఇలాంటి అమరికే ఉన్నదని తరువాత తెలిసింది.

ఎద్దుకు ఏం మిగులుతుంది?

బాక్టీరియాలు గ్లూకోజును తినేస్తే ఎద్దుకేమి లాభం? బాక్టీరియాలు గ్లూకోజును పులియబెట్టి ఎసిటిక్ ఆమ్లం, ప్రొపియోనిక్ ఆమ్లం, బ్యుటిరిక్ ఆమ్లం అనే ఆమ్లాలను వదులుతాయి. ఎసిటిక్ ఆమ్లం అంటే వెనిగర్‌లో ఉండేదే. రూమెన్ గోడ ఈ ఆమ్లాలను పీల్చుకొని రక్తంలో కలుపుతుంది. ఎద్దుకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం, సుమారు నూటికి 70 వంతులు, ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. అంటే బాక్టీరియాలు తిని వదిలినది ఎద్దుకు ఆహారం!

అంతేకాదు. రూమెన్ నుంచి మేత ముందుకు జరిగేటప్పుడు కోట్లాది బాక్టీరియాలు కూడా దానితో కొట్టుకుపోతాయి. నాలుగో గదిలో, చిన్న ప్రేగులలో అవే జీర్ణమైపోతాయి. పశువుకు కావలసిన ప్రోటీనులో పెద్ద భాగం ఇలా వస్తుంది. బి-12 విటమిను కూడా ఈ జీవులే తయారు చేసి ఇస్తాయి.

రూమెన్‌లో మరో తెగ సూక్ష్మజీవులున్నాయి. అవి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడులతో మీథేన్ వాయువును తయారు చేస్తాయి. ఎద్దు దాన్ని త్రేన్పుల ద్వారా బయటికి వదులుతుంది. భూగోళం వేడెక్కడానికి కారణమయ్యే వాయువులలో మీథేన్ ఒకటి. మీథేన్‌గా పోయిన ప్రతి పాలూ ఎద్దుకు దక్కని శక్తే. అందుకే దాన్ని తగ్గించే దారులను శాస్త్రజ్ఞులు వెదుకుతున్నారు.

కడుపు నిండినా ఆకలే

ఇప్పుడు మన వామి దగ్గరకు వద్దాం. పశువును మేపడమంటే, దాని కడుపులోని బాక్టీరియాలను మేపడం. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలా విషయాలు తేటపడతాయి.

బాక్టీరియాలు పెరగాలంటే శక్తి ఒక్కటే చాలదు, నైట్రోజన్ కూడా కావాలి. వరిగడ్డిలో ప్రోటీను నూటికి మూడు నాలుగు పాళ్లే ఉంటుంది. ఎండుగడ్డి ఒక్కటే పెడితే బాక్టీరియాలకు నైట్రోజన్ చాలక వాటి సంఖ్య తగ్గిపోతుంది. గడ్డి అరగడం మందగిస్తుంది. అరగని గడ్డి రూమెన్‌లోనే నిలిచి ఉంటుంది కాబట్టి పశువు కొత్త మేత తినలేదు. కడుపు నిండుగానే కనిపిస్తుంది, పశువు మాత్రం చిక్కిపోతూ ఉంటుంది. వేసవిలో ఎముకలు తేలిన పశువులను చూసి "మేత తినడం లేదు" అనుకుంటాం. నిజానికి దాని కడుపులోని పనివాళ్లకు కూలి అందడం లేదు.

వేరుశనగ చెక్క, తవుడు, అవిసె ఆకు, పిల్లిపెసర వంటి మేతలు కొంచెం తోడు చేస్తే ఈ లోటు తీరుతుంది. చెక్క బలమంతా నేరుగా పశువుకే పోతుందనుకోకండి. అందులో కొంత బాక్టీరియాలకు చేరి, అవి పెరిగి, ఉన్న గడ్డినే మరింత బాగా అరిగిస్తాయి.

మరో మార్గం యూరియాతో గడ్డిని మాగబెట్టడం. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా పరచిన గడ్డిపై సమంగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టాతో కప్పి మూడు వారాలు ఉంచుతారు. ఇక్కడ కూడా పని చేసేది బాక్టీరియా ఎంజైమే! గడ్డి మీద సహజంగా ఉండే బాక్టీరియాలలోని యూరియేస్ అనే ఎంజైము యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. అమ్మోనియా గడ్డిలోకి చొరబడి, లిగ్నిన్ పట్టును సడలిస్తుంది. అంటే తడికె మీది మట్టిపూత పగుళ్లిస్తుంది. అమ్మోనియాలోని నైట్రోజన్ కొంత గడ్డిలో నిలిచి బాక్టీరియాలకు ఆహారమవుతుంది. తీసిన గడ్డిని కొన్ని గంటలు ఆరబెట్టి, ఘాటు పోయాక మేపాలి. రూమెన్ ఇంకా ఎదగని చిన్న దూడలకు దీన్ని పెట్టకూడదు. యూరియాను విడిగా నాకినా, యూరియా నీళ్లు తాగినా పశువు చనిపోతుంది. కాబట్టి ఇది పిల్లలు సొంతంగా చేసే పని కాదు. పశువైద్యుని సలహాతో పెద్దలు చేయవలసినది.

ప్రేమతో పెట్టిన అన్నం

పెళ్లిలో అన్నం మిగిలిపోయిందనుకోండి. పారేయడమెందుకని గంపెడు అన్నం ఆవు ముందు పోస్తారు. కనుమ పండుగనాడు పశువు మీది ప్రేమకొద్దీ పొంగలి కడుపారా పెట్టే వాళ్లుంటారు. ఆవు ఇష్టంగానే తింటుంది. అయితే ఏమవుతుందో చూడండి.

అన్నం పిండిపదార్థం. దాన్ని తినే బాక్టీరియాలు వేరే ఉన్నాయి. రూమెన్‌లో ఇవి మామూలుగా కొద్దిగానే ఉంటాయి. హఠాత్తుగా ఇంత పిండిపదార్థం వచ్చి పడితే గంటల్లో విపరీతంగా పెరిగిపోతాయి. అవి లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తాయి. పెరుగులో పులుపునిచ్చే ఆమ్లం ఇదే. రూమెన్‌లో ఆమ్లత్వాన్ని తెలిపే పి.హెచ్. మామూలుగా 6కు, 7కు మధ్య ఉంటుంది. పశువు నెమరువేసేటప్పుడు రోజుకు వంద లీటర్ల దాకా ఊరే లాలాజలంలో సోడా ఉప్పు వంటి లవణాలుండి ఈ పులుపును విరుస్తాయి. కాని అన్నానికి నెమరు అక్కర లేదు. లాలాజలం తగ్గుతుంది, ఆమ్లం పెరుగుతుంది. పి.హెచ్. 6 కంటే తగ్గితే పీచు తినే బాక్టీరియాలు పని ఆపుతాయి. 5 దగ్గరకు పడితే చనిపోతాయి. ఆమ్లం రక్తంలోకి కూడా చేరుతుంది. పశువు మేత మానేస్తుంది, నెమరు వేయదు, ఎడమ పక్క డొక్క ఉబ్బుతుంది, పేడ నీళ్లగా అవుతుంది, చివరకు లేవలేక పడిపోతుంది. సమయానికి వైద్యం అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

కాబట్టి పండుగనాడు పిడికెడు పొంగలి పెట్టండి, గంపెడు వద్దు. ధాన్యం, పిండి, బియ్యం బస్తాలను పశువుకు అందని చోట ఉంచండి. కొత్త మేత ఏదైనా ఒక్కసారిగా మార్చకుండా, పాతదానితో కలిపి పది పదిహేను రోజుల్లో మెల్లగా అలవాటు చేయండి. ఆ వ్యవధి పశువు నాలుకకు కాదు, లోపలి బాక్టీరియాల జనాభా మారడానికి. పశువు ఎక్కువ అన్నం తిన్నదని తెలిసిన వెంటనే, జబ్బు కనిపించేదాకా ఆగకుండా, పశువైద్యశాలకు కబురు చేయాలని ఇంట్లో చెప్పండి.

మిగిలిన ఆహారాన్ని పాలిథిన్ సంచిలో ముడివేసి వీధిలో పారేస్తే కీడు రెండింతలు. ఆవు సంచితో సహా మింగుతుంది. రూమెన్‌లో ఇన్ని కోట్ల బాక్టీరియాలున్నా, పాలిథిన్ అనే తాళానికి పట్టే తాళంచెవి వాటి దగ్గర లేదు. ఆ సంచి అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి పోగయి, మేతకు చోటు లేకుండా చేస్తుంది.

కడుపు బయట కూడా

గడ్డి తినే బాక్టీరియాలు పశువు కడుపులోనే లేవు. పొలంలో కలియదున్నిన మోళ్లు మట్టిలో కలిసేది నేలలోని బాక్టీరియాల, శిలీంధ్రాల వల్లనే. పేడలో మిగిలిన పీచును గోబర్ గ్యాస్ తొట్టిలో మరికొన్ని బాక్టీరియాలు విడగొడతాయి. రూమెన్‌లో త్రేన్పుగా పోయే మీథేనే ఇక్కడ పొయ్యి వెలిగిస్తుంది.

మనిషి కూడా ఈ విద్యను పట్టుకున్నాడు. గడ్డిని ముందుగా మెత్తబరచి, సెల్యులేస్‌లతో చక్కెరగా మార్చి, దాన్ని ఈస్టుతో పులియబెడితే ఆల్కహాలు వస్తుంది. దాన్ని పెట్రోలులో కలపవచ్చు. హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టు 10న ఇలాంటి కర్మాగారం ప్రారంభమైంది. ఏడాదికి సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడం దాని లక్ష్యం. పరిశ్రమలలో వాడే సెల్యులేస్‌లు ఎక్కువగా శిలీంధ్రాల నుంచి వస్తున్నాయి. వేడిని తట్టుకునే బాక్టీరియా ఎంజైములపై పరిశోధనలు సాగుతున్నాయి. కర్మాగారంలో ఎంజైముల ఖర్చు పెద్ద భారం. ఎద్దు కడుపులో అదే పని ఖర్చు లేకుండా, 39 డిగ్రీల వేడిలో, చప్పుడు లేకుండా జరిగిపోతుంది.

మన ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదో శతాబ్దంలోనే సముద్రాలు దాటి బ్రెజిల్ చేరాయి. ఆ కాలంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే అక్కడ ఆ జాతికి 'నెలోర్' అనే పేరు నిలిచింది. నేడు ఆ దేశపు పశుసంపదలో పెద్ద భాగం ఈ జాతి రక్తం ఉన్నదే. ముతక గడ్డి మీద కూడా బతికి బలంగా పెరిగే గుణం వల్ల దీనికంత పేరు వచ్చింది. ఆ పేరులో కంటికి కనబడని బాక్టీరియాలకు కూడా వాటా ఉన్నది.

ఆలోచించి చెప్పండి

1. పుస్తకాన్ని చెదలు తింటాయి, మనం తినలేం. కాగితంలో ఉన్న పదార్థమేమిటి? చెదల కడుపులో ఎవరుండి ఉంటారు?

2. వేసవిలో ఒక రైతు దగ్గర కావలసినంత ఎండుగడ్డి ఉన్నది. అయినా అతని ఆవు చిక్కిపోతున్నది. ఆ గడ్డికి ఏమి తోడు చేయమంటారు? ఎందుకు?

3. తడి మట్టి నింపిన కుండలో ఒక నూలుగుడ్డ ముక్కను, ఒక పాలిథిన్ ముక్కను పూడ్చి, మట్టి ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ నెలన్నర తరువాత తీసి చూడండి. రెంటిలో ఏది ఎలా మారింది? కారణం రాయండి.